కొట్టేయించిన పేరా

8 అక్టోబర్ 2024, మంగళవారం. గుంటూరు

చిన్నదాని సుకన్య సమృద్ధి ఖాతాలో డబ్బు కడదామని పోస్టాఫీసుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి పాస్‌బుక్ చూసి, "గార్డియన్ మీరేనాండీ? అమ్మమ్మ అని ఉంది. ఒకటో తారీఖు నుంచి కొత్త రూలు వచ్చిందమ్మా. తాతయ్యలూ అమ్మమ్మలూ తెరిచిన ఖాతాల్ని తల్లి పేరుకో తండ్రి పేరుకో మార్చాలి, లేకపోతే కోర్టు పెట్టిన గార్డియన్ పేరుకి" అంది. తల్లి లేదన్నాను. కాసేపాగి, "అయితే నాన్నగారిని తీసుకురండి" అంది. మర్యాదగానే చెప్పింది.

ఇంటికొచ్చి ఈయనతో చెబితే, "అడిగితే అల్లుడు సంతకం పెడతాడులే" అన్నారు. పెడతాడు, నాకూ తెలుసు. నన్ను తొలుస్తున్నది వేరే. కరోనా రెండో విడతలో, 2021 మేలో మా అమ్మాయి పోయినప్పటి నుంచి పిల్లలిద్దరూ మా దగ్గరే ఉన్నారు. అప్పటికి చిన్నదానికి రెండేళ్లు నిండలేదు, పెద్దాడికి ఆరు. దాని చేత పాలు మాన్పించింది నేను. పలక మీద "అ" దిద్దించింది ఈయన. అర్ధరాత్రి పెద్దాడికి ఆయాసం వస్తే నెబ్యులైజర్ పెట్టి, తెల్లవార్లూ ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేమే. అయినా స్కూలు ఫారం దగ్గర, ఆస్పత్రి కాగితం దగ్గర, ఇప్పుడు పోస్టాఫీసులో, "మీరేమవుతారు?" అనే అడుగుతారు. అమ్మమ్మని అంటే సరిపోదట.

24 అక్టోబర్, గురువారం

రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. అల్లుడి తరఫున. "మైనర్ పిల్లలిద్దరినీ మీరు అక్రమంగా మీ వద్ద నిర్బంధించి ఉంచారు. ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో నా క్లయింటుకు అప్పగించనిచో చట్టపరమైన చర్య తీసుకొనబడును."

నిర్బంధించి! నాలుగో శనివారం వచ్చి, పిల్లల్ని స్కూటీ మీద ఎక్కించుకుని తిప్పి, ఇక్కడే భోంచేసి వెళ్లే మనిషి. నిరుడు ఫిబ్రవరిలో మళ్లీ పెళ్లి చేసుకుంటే మేమిద్దరం వెళ్లి అక్షింతలు వేసి వచ్చాం. చిన్న వయసువాడు, ఒంటరిగా ఉండిపోవాలని మేమెందుకు కోరుకుంటాం? వచ్చే జూన్ నుంచి పిల్లల్ని హైదరాబాదులో స్కూల్లో వేస్తానని దసరాకి అన్నాడు. ఇంకా రెండేళ్లు ఆగు బాబూ, పిల్లాడి ఆయాసం కుదుటపడనీ అన్నాను. మాట అక్కడే ఆగింది. ఆ తర్వాత ఎవరు నూరిపోశారో ఏమో, ఈ కాగితం వచ్చింది.

ఫోన్ చేద్దామని ఈయన సెల్ తీశారు. మళ్లీ పెట్టేశారు. ఇద్దరం అన్నం సరిగా తినలేదు. పెద్దాడు మా మొహాలు చూసి, హోంవర్కు చేస్తున్నట్టు నటిస్తూ అదే లెక్క మళ్లీ మళ్లీ చెరిపి రాస్తున్నాడు.

29 అక్టోబర్, మంగళవారం

అరండల్‌పేటలో లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. నలభై దాటి ఉండదు, మాట సూటి. నోటీసు చదివి మడిచి పెట్టి, "అమ్మా, పిల్లల్ని పెంచింది మీరే. కానీ చట్టం ముందు తండ్రినే చూస్తుంది. అది తెలుసుకుని మొదలుపెడదాం" అంది. ఆశ పెట్టకుండా అలా చెప్పినందుకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

చెప్పినవన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పిల్లలకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తర్వాత తల్లి. ఆ వరసలో మేము లేం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఒకటుంది, తెల్లవాళ్ల కాలంలో చేసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని కింద బంధువులెవరైనా గార్డియన్‌గా పెట్టమని కోర్టుని అడగొచ్చు. అయితే తండ్రి బతికుండి, ఆయన పనికిరాడని కోర్టుకి తోచకపోతే వేరొకరిని పెట్టడానికి వీల్లేదని అందులోనే పంతొమ్మిదో సెక్షన్ అంటుంది. మరి మా గతేమిటని అడిగాను. 1956 చట్టంలో పదమూడో సెక్షన్ ఉంది, ఎవరి హక్కు ఎలా ఉన్నా పిల్లల క్షేమమే అన్నిటికంటే పైన అని దాని సారం, మన కేసు మొత్తం దాని మీదే నిలబడాలి అంది.

ఇంకో సంగతి విడమరిచి చెప్పింది. గార్డియన్ కావడం వేరు, పిల్లలు ఎవరి చెంత పెరగాలన్న కస్టడీ వేరు. తండ్రిని గార్డియన్‌గా ఉండనిచ్చి, పిల్లల్ని మా దగ్గర ఉంచమని అడిగే దారి కూడా ఉంది. మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు, పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న పిల్లాణ్ణి పన్నెండేళ్లు వచ్చేదాకా అమ్మ తండ్రి దగ్గరే ఉంచి, కన్నతండ్రి వచ్చి చూసుకునే ఏర్పాటు చేసిందట. ఆ తీర్పు కాపీ అడిగి తెచ్చుకున్నాను.

పిల్లలు ఎక్కడ మామూలుగా నివాసం ఉంటున్నారో అక్కడి కోర్టులోనే వేయాలి కాబట్టి కేసు గుంటూరులోనే. అంతవరకు హైదరాబాదు తిరిగే పని తప్పింది.

11 నవంబర్, కార్తీక సోమవారం

పొద్దున్నే శివాలయంలో దీపం పెట్టి, అటునుంచి అటే లాయరమ్మ ఆఫీసుకి. పిటిషన్ డ్రాఫ్టు తయారైంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, మతం, వాళ్ల పేరున ఆస్తి ఏమైనా ఉందా, దగ్గరి బంధువులెవరు, అన్నీ వరసగా ఉన్నాయి. గార్డియన్‌గా ఉండటానికి ఇష్టమేనని మేము విడిగా ఒక కాగితం మీద సంతకం చేయాలి, దాని మీద ఇద్దరు సాక్షులుండాలి. ఎదురింటి మాస్టారు, పెద్దాడి క్లాస్ టీచరు వచ్చి సంతకాలు చేసి వెళ్లారు.

ఏడో పేరా దగ్గర ఆగాను. "సదరు ప్రతివాది మద్యపానానికి బానిసై, పిల్లల బాగోగులు ఏనాడూ పట్టించుకోక, మృతురాలిని జీవితకాలమంతా మానసిక వేదనకు గురిచేసి..." అని ఉంది. గుమస్తా పాత కేసుల్లోంచి తెచ్చి పెట్టాడట. ఇలాంటిది ఒకటుంటే కేసుకి బలం అని చెప్పాడు.

ఇది తీసేయండి అన్నాను. అతను తాగడు. మా అమ్మాయిని బాధపెట్టలేదు. అది ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు, పడక దొరక్క రాత్రంతా ఊరు ఊరంతా తిరిగినవాడు. ఈ కాగితం రేపు కోర్టు రికార్డు అవుతుంది. పెద్దాడు పెద్దయ్యాక తీసి చదివితే, తన తండ్రి గురించి అమ్మమ్మ ఇలా రాసిందని తెలుస్తుంది. వాడి తల్లిని నేను ఎలాగూ తిరిగి తెచ్చివ్వలేను. ఉన్న తండ్రిని నా చేత్తో చంపనా?

"టీచర్ గారూ, ఇది లేకపోతే కేసు పలచబడుతుంది" అన్నాడు గుమస్తా. పలచబడనీ అన్నాను. లాయరమ్మ నా వంక ఒకసారి చూసి, కలం తీసి ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. దాని బదులు పెద్దాడి వైద్యం వివరాలు, పిల్లల హాజరు, చిన్నది పుట్టినప్పటి నుంచి ఏ ఇంట్లో పెరిగిందో, అవి పెట్టమన్నాను. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకి అబద్ధం రాయొద్దని చెప్పి, ఇప్పుడు నా మనవల కోసమే అబద్ధం మీద సంతకం పెట్టను.

ఈయన దారిలో ఏమీ అనలేదు. ఇంటి దగ్గర ఆటో దిగాక, "మంచి పని చేశావు" అన్నారు.

9 జనవరి 2025, గురువారం

మొదటి వాయిదా. పది గంటలకే వెళ్లి కూర్చున్నాం. వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. భార్యాభర్తలు ఆ చివరొకరు ఈ చివరొకరు, మధ్యలో పిల్లలు. పిల్లల చేతుల్లో చిప్స్ ప్యాకెట్లు. అల్లుడు వచ్చాడు. దూరం నుంచే తలవంచి నమస్కారం పెట్టాడు. మేమూ పెట్టాం. బంట్రోతు పేర్లు పిలిచాడు, కౌంటర్ వేయడానికి వాళ్లు టైమ్ అడిగారు, ఫిబ్రవరికి వాయిదా పడింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందో లేదో.

పక్కన ఒక ముసలావిడ. పెదకాకాని వైపు మనిషి, మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. వేళ్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. కొడుకూ కోడలూ బండి మీద వెళ్తూ లారీ కింద పడి పోయారు. ముగ్గురు మనవలు. ఆక్సిడెంట్ కేసులో వచ్చిన పరిహారంలో పిల్లల వాటా బ్యాంకులో డిపాజిట్ చేశారు. ఆ డబ్బు పిల్లల చదువుకి వాడాలంటే గార్డియన్ కాగితం కావాలన్నారట. ఆవిడకి పోటీ ఎవరూ లేరు. అయినా కోర్టుకి రావలసిందే. లాయరు ఫీజుకి చెవి కమ్మలు తాకట్టు పెట్టానంది.

నాకు కడుపు రగిలిపోయింది. ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987లోనే చట్టం చేశారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఈవిడకి ఆ మాట చెప్పినవాళ్లే లేరు. తల్లీ తండ్రీ లేని పిల్లలు బంధువుల దగ్గర పెరుగుతుంటే మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. అదీ తెలియదు. ఆవిడ ఫోన్ నంబరు ఈ పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.

13 జనవరి, భోగి

వాళ్లిద్దరూ వచ్చారు. అల్లుడూ, అతను చేసుకున్న అమ్మాయీ. కేసు నడుస్తుండగా రారేమో అనుకున్నాం. రమ్మని ఫోన్ చేసింది ఈయనే, నాకు చెప్పకుండా.

సాయంత్రం చిన్నదాన్ని పీట మీద కూర్చోబెట్టి భోగిపళ్లు పోశాం. ఈ ఏటితో దానికి ఆఖరు. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర డబ్బులు కలిపి ముందు వాళ్ల నాన్న పోశాడు, తర్వాత నేను. ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "నువ్వూ రామ్మా" అన్నాను. దోసిలి నిండా తీసుకుంది కానీ చేతులు వణికాయి, సగం పళ్లు నేల మీదే పడ్డాయి. చిన్నది నవ్వేసి, కిందపడ్డ రేగుపండు తీసి ఆవిడ నోట్లో పెట్టింది.

వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చాను. మా అమ్మాయి చీరల బీరువా ముందే నిలబడి ఇచ్చాను. సులువేమీ కాలేదు. ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టి, "నాకు పిల్లల్ని పెంచడం తెలియదు అత్తయ్యా, నేర్చుకుంటాను" అంది. నన్ను అత్తయ్యా అంది. ఏమనాలో తోచక లోపలికి వెళ్లి అరిసెలు కట్టి తెచ్చాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

కౌంటర్ వేశారు. అందులో మేము ముసలివాళ్లం, పెన్షన్ మీద బతికేవాళ్లం, పిల్లల్ని తండ్రికి దూరం చేస్తున్నాం అని ఉంది. 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి జతచేశారు. క్యాన్సర్‌తో తల్లి పోయిన పసిబిడ్డని తల్లి తరఫు బంధువులు పెంచుతుంటే తండ్రికే అప్పగించిన కేసు.

రాత్రి పిల్లలు పడుకున్నాక లాయరమ్మ ఇచ్చిన కాగితాలన్నీ ముందేసుకున్నాను. 2008లో కలకత్తా కేసు. భార్య చావుకి సంబంధించిన నేరారోపణ మీద ఉన్న తండ్రికి కింది కోర్టులు పిల్లాణ్ణి ఇస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పులు పక్కనపెట్టి అమ్మమ్మ తాతల దగ్గరే ఉంచింది. 2022 జూన్‌లో, కరోనాలో అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్న గుజరాత్ పిల్లాణ్ణి తల్లి తోబుట్టువుకి ఇచ్చిన హైకోర్టు తీర్పుని మార్చి, నానమ్మ తాతలకి ఇచ్చింది. ఆ తాతగారికి డెబ్బై దాటింది. వయసు ఒక్కటే చూసి కాదనకూడదన్నారు. అదే ఏడాది జులైలో మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసులో మాత్రం నానమ్మ తాతల వాదన నిలవలేదు. భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకి ఏ ఇంటిపేరు పెట్టుకోవాలో తనే నిర్ణయించుకోవచ్చంది కోర్టు. అది చదువుతున్నంతసేపూ నా మనసు ఆ తల్లి వైపే ఉంది. కన్నది ఆవిడ, బతికున్నది ఆవిడ.

ఒక్కో తీర్పు ఒక్కో రకంగా ఉందని ఈయన విసుక్కున్నారు. నాకలా అనిపించలేదు. ఎక్కడా తాతకి హక్కుందనో తండ్రికి హక్కుందనో తేల్చలేదు. ఈ పిల్లాడు రేపు పొద్దున ఎక్కడ లేస్తే క్షేమంగా ఉంటాడని ప్రతిసారీ కొత్తగా చూశారు. కోర్టు మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

12 మార్చి, బుధవారం

జడ్జి గారు పిల్లలతో మాట్లాడతామన్నారు. నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వాడికి ఏం చెప్పాలో నేర్పించావా?" అని అడిగింది. నేర్పించను, ఎవరినీ నేర్పించనివ్వను అన్నాను. తొమ్మిదేళ్లవాడి నోట్లో మన మాట పెట్టి పంపితే, ఓడినా గెలిచినా ఆ బరువు వాడు జన్మంతా మోయాలి.

మా అందరినీ బయట ఉండమని పిల్లల్ని లోపలికి పిలిచారు. చాలాసేపు పట్టింది. అల్లుడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తే తీసుకున్నాడు. చిన్నది చేతిలో చాక్లెట్‌తో గెంతుకుంటూ వచ్చింది. పెద్దాడు మెల్లగా వచ్చాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో వాడే అన్నాడు: "నాన్న కావాలని చెప్పాను. ఇక్కడే ఉంటానని కూడా చెప్పాను. రెండూ చెప్పొచ్చా అమ్మమ్మా?"

"చెప్పొచ్చు నాన్నా."

"జడ్జి మేడం కూడా అలాగే అన్నారు."

20 మార్చి, గురువారం

కౌన్సెలింగ్‌కి పిలిచారు. కౌన్సెలర్ గారు మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగారు. "ఈయనకి డెబ్బై, మీకు అరవై నాలుగు. చిన్నపాపకి ఐదు. మీ తర్వాత?"

అడగాల్సిన ప్రశ్నే. రాత్రి లాయరమ్మకి ఫోన్ చేసి, మా తర్వాత పిల్లల్ని మా తమ్ముడికి అప్పగిస్తున్నట్టు వీలునామా రాయొచ్చా అని అడిగాను. కుదరదట. వీలునామాతో పిల్లలకి గార్డియన్‌ని పెట్టే హక్కు తండ్రికీ తల్లికీ తప్ప ఎవరికీ లేదు. ఇల్లు రాసివ్వొచ్చు, డిపాజిట్లు రాసివ్వొచ్చు, పిల్లల్ని రాసివ్వలేం.

అంటే మాకేమైనా అయితే పిల్లలు చేరేది తండ్రి ఇంటికే. ఈ కేసులో నేను పూర్తిగా గెలిచి అతన్ని గుమ్మం బయట నిలబెడితే, ఆ రోజున వాళ్లు పరాయివాళ్ల ఇంటికి వెళ్లినట్టు వెళ్తారు. మేము బతికున్నన్నాళ్లూ ఆ ఇంటికి దారి పడి ఉండాలి. వాళ్ల పక్కలు, వాళ్ల పుస్తకాలు, వాళ్ల పళ్లపొడి అక్కడా ఉండాలి. ఈ మాట ఈయనతో అంటే, "మరి కేసెందుకు వేశాం?" అన్నారు. ఉన్నపళంగా ఊడబెరికి తీసుకెళ్లకుండా వేశాం. వాళ్లు వెళ్లాల్సిన రోజున సొంత కాళ్ల మీద నడిచి వెళ్లాలి.

17 ఏప్రిల్, గురువారం

రాజీ కుదిరింది. ఇద్దరు లాయర్లూ కూర్చుని రాసిన జాయింట్ మెమో మీద అందరం సంతకాలు పెట్టాం, కోర్టు రికార్డు చేసుకుంది.

పెద్దాడికి పన్నెండేళ్లు నిండి, ఆ విద్యా సంవత్సరం అయ్యేదాకా పిల్లలిద్దరూ మా దగ్గరే ఉంటారు. ఇద్దర్నీ విడదీయకూడదు. సహజ సంరక్షకుడు తండ్రే, సంతకాలన్నీ ఆయనవే. అయితే బడిలోనూ ఆస్పత్రిలోనూ అత్యవసరమైతే మేము సంతకం పెట్టొచ్చు. రెండో శనివారం, నాలుగో శనివారం తండ్రి తీసుకెళ్లొచ్చు. వేసవి సెలవుల్లో సగం, దసరా సెలవులన్నీ హైదరాబాదులో. సంక్రాంతి అందరికీ ఇక్కడ. కోర్టు అనుమతి లేకుండా ఎవరూ పిల్లల్ని దేశం దాటించకూడదు. ఇదే శాశ్వతం కాదనీ, పిల్లల అవసరం మారితే ఎవరైనా మళ్లీ రావచ్చనీ జడ్జి గారు చెప్పారు.

మాకు రావాలనుకున్నదంతా రాలేదు. గార్డియన్ అన్న పేరు మాకు రాలేదు. అల్లుడికీ జూన్‌లో పిల్లలు దక్కలేదు. బయటికొచ్చాక అతను, "ఆ నోటీసులో మాట నాది కాదు అత్తయ్యా" అన్నాడు. "తెలుసు బాబూ" అన్నాను. మా పిటిషన్‌లో ఏడో పేరా ఉండి ఉంటే ఈ రెండు మాటలూ మా మధ్య నడిచేవి కావు.

4 మే, ఆదివారం

పిల్లలు పొద్దున హైదరాబాదు వెళ్లారు, నెల రోజులకి. నెబ్యులైజర్ ఎలా పెట్టాలో ఆ అమ్మాయికి రెండుసార్లు చేసి చూపించాను. వీడియో కూడా తీసుకుంది. పెద్దాడికి చల్లటి పెరుగు పెట్టొద్దని, ఏసీ గదిలో దుప్పటి తన్నేస్తాడని, చిన్నదానికి తల దువ్వేటప్పుడు చిక్కు కింద నుంచి తీయాలని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ ఇంకో కాగితం తీసి, రాత్రి భయపడి లేస్తే ఏం చేస్తారని అడిగింది. దీపం వేసి, నీళ్లు తాగించి, పక్కన పడుకోవడమే అని చెప్పాను. రాసుకుంది.

ఇల్లు ఖాళీగా ఉందని ఈయన టీవీ పెద్దగా పెట్టారు. పెదకాకాని ఆవిడ ఫోన్ చేసింది. ఉచిత లాయరుని ఇచ్చారట. మిషన్ వాత్సల్య దరఖాస్తుకి పిల్లల ఆధార్లు, డెత్ సర్టిఫికెట్లు, స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ పత్రం అడిగారని, కోడలి డెత్ సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడిందని చెప్పింది. రేపు సోమవారం. పదింటికి పంచాయతీ ఆఫీసు దగ్గర ఉండమన్నాను, నేనూ వస్తానన్నాను.